బొంతలో కుట్టిన కాగితం

ఫీజు తీసుకోకుండా కేసు చూసే లాయర్లు ఉంటారని కోర్టు మనిషి చెప్పగానే సుందరికి తట్టింది ఒకటే. మన దగ్గర తీసుకోనివాళ్ళు అవతలివాళ్ళ దగ్గర తీసుకుంటారన్నమాట.

ఆ మాట పైకి అనలేదు. మిరపకాయల ఘాటుకు మండుతున్న చేతులు కొంగుకు తుడుచుకుంటూ గడపలో నిలబడి, అతను చాపిన కాగితాల వంక చూసింది. సమన్లట. అందినట్టు వేలిముద్ర వెయ్యమన్నాడు.

"ముందు మా పిల్ల చదవాల," అంది.

"మీ పిల్ల ఎప్పుడొచ్చిద్ది?"

"కాలేజీ బస్సు ఐదింటికి వచ్చిద్ది."

"అందాకా నేనిక్కడే కూర్చోవాలా?"

"నీ ఇష్టమయ్యా. చదవకుండా మాత్రం నా వేలు పడదు."

అతను ఏదో గొణుక్కుంటూ ఎదురింటి అరుగు మీద కూర్చున్నాడు. జాస్మిన్ వచ్చేసరికి ఐదుంపావు అయింది. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న పిల్ల, భుజాన బ్యాగు దించకుండానే కాగితాలు చదివింది. చదువుతుంటే దాని మొహం చిన్నబోయింది.

"అమ్మా, అమరేశ్వరరావుగారు మన ఇంటి మీద కేసేశాడే. ఈ స్థలం నాన్న ఆయనకి అమ్మినట్టు కాగితం రాసిచ్చాడంట. మనల్ని ఖాళీ చేయించమని అడిగాడు."

నడికుడి అవతల ఒక ఊళ్ళో సుందరిది మూడు సెంట్ల ఇల్లు. నాపరాళ్ళు నిలబెట్టి కట్టిన గోడలు, పైన రేకులు. పక్కనే అమరేశ్వరరావు నాపరాళ్ళ పాలిష్ మిషన్లు. రాళ్ళ లారీ తిరగాలంటే నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ పోవాలి. తిరిగిన ప్రతిసారీ డ్రైవరు సుందరి ఇంటి మూల వంక గుర్రుగా చూసేవాడు. ఆ మూడు సెంట్లు కలిస్తే లారీ ఒక్క ఊపులో తిరుగుతుంది. అది ఊరంతటికీ తెలుసు.

సుందరి మొగుడు బాబూరావు ఇరవై ఏళ్ళు ఆ అమరేశ్వరరావు క్వారీలోనే రాయి కొట్టాడు. ఛాతీలో రాతి దుమ్ము పేరుకుని ఆరేళ్ళ కింద పోయాడు. బతికున్నప్పుడు మంచివాడే. కాకపోతే సాయంత్రం ఒక చుక్క పడ్డాక ఎవరు ఏ కాగితం చాపినా సంతకం పెట్టేవాడు. "నా సంతకం బాగుంటదే," అని మురిసిపోయేవాడు కూడా.

ఆ రాత కాగితం నకలు సమన్లతోపాటు జత చేసి ఉంది. కింద సంతకాన్ని సుందరి వెలుగులోకి పట్టి చూసింది. చదువు రాకపోయినా ఆ సంతకం తనకు తెలుసు. చివర్లో తోక ఒకటి పైకి లేచి ఉంటుంది. ఈ కాగితం మీదా తోక అట్టాగే లేచి ఉంది.

చచ్చిపోయిన మనిషి మీద అనుమానం మొదలైతే అడగడానికి ఎవరూ ఉండరు.

* * *

ప్రభుత్వం ఇచ్చిన ఇంటి పట్టా ఎక్కడుందో సుందరికి తప్ప ఎవరికీ తెలియదు. జాస్మిన్‌కి కూడా తెలియదు. సుందరి మడత మంచం మీద పరుచుకునే పాత చీరల బొంతలో, పాలిథిన్ కవరులో చుట్టి, రెండు పొరల మధ్య పెట్టి కుట్టేసింది. బొంతంతా తెల్లదారం కుట్లు, ఆ మూల ఒక్కచోట మాత్రం ఎర్రదారం. మిరప కోల్డ్ స్టోరేజీలో సంచులు కుట్టేటప్పుడు ఏ కూలీల ముఠా సంచులకు ఆ ముఠా తన రంగు దారంతో మూల మీద రెండు కుట్లు వేస్తుంది. సంచులు కలిసిపోయినా ఎవరిది ఏదో గొడవ రాకుండా. సుందరి ముఠాది ఎర్రదారం.

కుట్టడానికి కారణం ఉంది. రొంపిచెర్లలో తన తండ్రి దగ్గరకు వెనకెప్పుడో ఒకాయన వచ్చాడు. చొక్కా మడత నలగని మనిషి. పైసా తీసుకోకుండా పని చేసిపెడతానని పొలం పాసుపుస్తకం పట్టుకుపోయాడు. మళ్ళీ కనిపించలేదు. తండ్రి చచ్చేదాకా ఆఫీసుల చుట్టూ తిరిగాడు. పోయేముందు సుందరికి అప్పగించిన ఆస్తి ఒక్క మాటే: "కాగితం చేతిలోంచి వదలమాకమ్మా."

అందుకే గురజాల కోర్టు ఆవరణలో, ఉచిత న్యాయ సహాయం అని బోర్డు ఉన్న గదిలోకి తల్లీకూతుళ్ళు వెళ్ళినప్పుడు, సుందరి చెప్పులు గుమ్మం బయట విడిచినా, అనుమానం విడవలేదు.

లాయరు ప్రసన్నలక్ష్మి. ముప్పై దాటి ఉండదు. రోజూ నరసరావుపేట నుంచి బస్సులో వస్తుందట. కూర్చోమంది, మంచినీళ్ళిచ్చింది, సమన్లు రెండుసార్లు చదివింది. తర్వాత తల ఎత్తి అడిగిన మొదటి మాట:

"పట్టా ఎక్కడుందండీ?"

సుందరి కొంగు బిగించుకుంది. మొదటి మాటే అదా?

"మా తమ్ముడి కాడ ఉందమ్మా. రొంపిచెర్లలో. ట్రంకుపెట్టెలో."

జాస్మిన్ తల్లి మొహంలోకి చూసింది. సుందరి దాని పాదం మీద తన పాదం వేసి నొక్కింది.

"ఒరిజినల్ చూడాలి సుందరిగారూ. మండలాఫీసులో నకలుకి అప్లికేషన్ పెడతాను, పాత రిజిస్టర్లు వెతికేసరికి టైం పడుతుంది. ఈలోపు మీ దగ్గరున్నది కావాలి."

"తెప్పిస్తాలే అమ్మా."

తర్వాత వకాల్తా కాగితం ముందుకు జరిపింది. సుందరి తరఫున ఈ లాయరు మాట్లాడొచ్చని ఒప్పుకునే కాగితం అది. సుందరి దాన్ని అటూ ఇటూ తిప్పి ఒకచోట వేలు పెట్టింది.

"ఇక్కడ ఖాళీ ఉందేంది?"

"అక్కడ కేసు నంబరు రాస్తాను, తర్వాత."

"ఇప్పుడు రాయి."

ప్రసన్నలక్ష్మి పెన్ను తీసి రాసింది.

"ఇక్కడో?"

అక్కడా రాసింది. మూడో ఖాళీలో అడ్డంగా గీత కొట్టింది. జాస్మిన్ సిగ్గుతో నేల చూపులు చూస్తోంది. అంతా చదివించుకున్నాక సుందరి వేలు ఇంకులో ముంచింది.

"ఇంత జాగ్రత్త మీ ఆయనకుంటే ఈ కేసు వచ్చేదే కాదు," అంది ప్రసన్నలక్ష్మి నవ్వుతూ.

నవ్వింది బాగానే ఉంది, ఎందుకు నవ్వింది? బస్సులో నడికుడి వచ్చేదాకా సుందరి అదే ఆలోచించింది.

* * *

రెండో వాయిదా నాడు కోర్టు పని పదకొండింటికే అయిపోయింది. జవాబు దాఖలు చేశామని, పట్టా వచ్చే వాయిదాకి చూపిస్తామని ప్రసన్నలక్ష్మి జడ్జిగారితో చెప్పింది. బయటికి వచ్చి సుందరికి మెల్లగా విడమరిచింది.

"వచ్చే బుధవారం పట్టా చూపించకపోతే ఆయన చూపించిన కాగితం ఒక్కటే జడ్జిగారి ముందు ఉంటుంది. కేసు తేలేలోపే స్థలంలోకి రానివ్వమని ఆయన అడుగుతున్నాడు. అర్థమైందా?"

"అయింది."

అర్థమైంది. ఇల్లు పోతుంది. అందులో ఏ అనుమానమూ లేదు.

బస్సు కోసం నడుస్తుంటే కోర్టు గోడ పక్క టీ బంకు దగ్గర జాస్మిన్ ఆగిపోయింది. "అమ్మా, అటు చూడమాక," అంది. చూడొద్దంటే చూడకుండా ఉండే మనిషి కాదు సుందరి.

బెంచీ మీద ప్రసన్నలక్ష్మి, ఆమె పక్కన అమరేశ్వరరావు లాయరు. ఇద్దరి చేతుల్లో టీ గ్లాసులు. అతనేదో అన్నాడు, ఈమె నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వింది. టీ డబ్బులు అతనే ఇచ్చాడు.

ఆ ఊళ్ళల్లో ఒకసారి తగాదా వచ్చిందంటే అవతలి పక్షం ఇంట్లో నీళ్ళు ముట్టరు. ఒకే ఆటో ఎక్కరు. పెళ్ళికి పోతే ఒకే బంతిలో కూర్చోరు. గట్టు దగ్గర మొదలైన తగాదాకి మూడు తరాలు ఎదురుపడి పలకరించుకోని ఇళ్ళు సుందరి ఎరుగును. అట్లాంటిది, పొద్దున జడ్జిగారి ముందు ఒకరి మాట ఒకరు కొట్టేసుకున్నవాళ్ళు అరగంట కాకముందే ఒకే బెంచీ మీద టీ తాగుతున్నారు!

"అమ్ముడుపోయిందే," అంది సుందరి.

"టీకా?" అంది జాస్మిన్.

"నోరు ముయ్."

* * *

గురువారం కృష్ణయ్య వచ్చాడు. అమరేశ్వరరావు దగ్గర మేస్త్రీ. చుట్టరికం ఏమీ లేకపోయినా సుందరి అతన్ని బాబాయ్ అనే పిలుస్తుంది. బాబూరావు శవం మోసిన నలుగురిలో అతనొకడు. ఆ మర్యాదకి స్టూలు వేసింది.

"ఏమే సుందరీ, కోర్టుల చుట్టూ తిరుగుతున్నావంటగా? లాయరమ్మ ఏమంటంది?"

"ఏమంటదిలే బాబాయ్. చూద్దామంటది."

"ఊరికే చూసేవాళ్ళు ఊరికేనే చూస్తారు. ఆమె, మావోళ్ళ లాయరు ఒకటే కాలేజీ అంట. తెలుసా నీకు?"

సుందరి కళ్ళారా చూసిందే ఇతని నోటివెంట వచ్చింది.

"నా మాటిను. అయ్యగారు నిన్ను రోడ్డున పడేయమనట్లేదు. క్వారీ దోవలో నాలుగు సెంట్లు ఇప్పిస్తాడు. పెద్దమనుషుల్లో కూర్చుని తేల్చుకుందాం. ఆ పట్టా ఒక్కటి నాకియ్యి, నేను చూసి భద్రంగా పెడతా. ఇంతకీ ఎక్కడ పెట్టావే?"

ఆ చివరి మాట అంటూ కృష్ణయ్య గది నాలుగు మూలలా చూపు తిప్పాడు. బొంత మీద కూడా ఆ చూపు పడి పక్కకి పోయింది.

అందరికీ ఆ కాగితమే కావాలి. లాయరమ్మకీ అదే, మేస్త్రీకీ అదే. ఎవరు ఎందుకు అడుగుతున్నారో మొహం చూసి చెప్పే తెలివి తనకు లేదు. కానీ ఒకటి చేయగలదు. లాయరమ్మకి ఒక చోటు చెప్పింది. ఇతనికి ఇంకో చోటు చెబుతుంది. ఎవరు ఎక్కడ వెతుకుతారో చూస్తుంది.

"ఇంకెక్కడ బాబాయ్, ఆయన పోయినకాడి నుంచి యేసు ప్రభువు పటం వెనకాలే ఉంది. ప్రభువే కాపాడతాడని."

"మంచి పని చేశావు," అని కృష్ణయ్య లేచాడు. పటం వంక చూడకుండా వెళ్ళాడు. చూడకుండా వెళ్ళడమే సుందరికి నచ్చలేదు.

మర్నాడు తొడిమలు తీసే పని నుంచి వస్తూ గుప్పెడు తాలుకాయలు కొంగున కట్టుకొచ్చింది. రంగు పోయిన కాయలు, కానీ ఘాటు చావదు. మెత్తగా దంచింది. పటం దించి వెనక అట్ట మేకులు వదులు చేసి, అట్టకూ పటానికీ మధ్య ఆ గుండంతా పోసింది. అట్ట లాగితే చాలు, మొహాన పడుతుంది.

"ప్రభువు పటంలో కారం పోస్తున్నావా అమ్మా!" అంది జాస్మిన్ నోరెళ్ళబెట్టి.

"ఆయనకేం కాదులే. ముందు వైపున ఉన్నాడుగా."

శనివారం ఇద్దరూ లేనప్పుడు పని జరిగింది. తాళంచెవి రుబ్బురోలు పక్క నాపరాయి కింద పెడతారని వీధిలో అందరికీ తెలుసు. సుందరి కావాలనే అక్కడే పెట్టి వెళ్ళింది. సాయంత్రం వచ్చి చూస్తే తాళం వేసే ఉంది, తాళంచెవి రాయి కిందే ఉంది. పటం మాత్రం ఒక పక్కకి ఒరిగి వేలాడుతోంది. దాని కింద నేల మీద ఎర్రటి గుండ. ఆ గుండ మీద ఎవరో గబగబా కాలితో తుడిచిన ఆనవాళ్ళు. గుమ్మం దగ్గర కుండలో నీళ్ళు సగానికి దిగిపోయి ఉన్నాయి.

"నీళ్ళతో కడుక్కున్నాడు," అంది సుందరి. "ఇంకా మండిద్ది. ముప్పైయేళ్ళు రాళ్ళ కాడ చేశాడు గాని, మిరపకాయల కాడ ఒక్కరోజన్నా చేసుంటే తెలిసేది."

ఆదివారం ప్రార్థన అయి గుడి నుంచి వస్తుంటే వీధి మలుపులో కృష్ణయ్య ఎదురయ్యాడు. కుడికన్ను వాచి మూసుకుపోయింది. రెండోదాంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఏంది బాబాయ్ అట్టా ఉంది కన్ను?"

"కళ్ళకలక. ఊళ్ళో తిరుగుతందిగా."

"అవునా? పాపం. మజ్జిగ రాసుకో, తగ్గుద్ది."

కళ్ళకలకకి మజ్జిగ ఎవరూ రాయరు, కారం మంటకే రాస్తారు. అది కృష్ణయ్యకీ తెలుసు. ఒంటికన్నుతో ఆమెను ఒక క్షణం చూసి వెళ్ళిపోయాడు. శవం మోసిన భుజమే అది. సుందరికి నవ్వు రాలేదు.

* * *

అదే మధ్యాహ్నం రొంపిచెర్ల నుంచి తమ్ముడు స్టీఫెన్ ఫోన్ చేశాడు.

"అక్కా, ఎవరో లాయరమ్మంట, ఇంటికొచ్చింది. మీ అక్క పట్టా ట్రంకుపెట్టెలో ఉందంటగా, చూపించండి అంది. నాకేం తెలవదే! మనింట్లో ట్రంకుపెట్టె ఎక్కడుంది?"

సుందరి ఫోన్ గట్టిగా పట్టుకుంది. "వచ్చిందా? అయితే ఆమె కూడా వచ్చిందా?"

"ఏందక్కా నువ్వనేది?"

"లోపలికొచ్చి వెతికిందా?"

"వెతకడమేంది? గేటు కాడ నిలబడి పిలిచింది. పేరు చెప్పింది, కార్డిచ్చింది. పెట్టే లేదని చెబితే ఒక్క నిమిషం ఆలోచించి నవ్వింది. మీ అక్కకి నా మీద నమ్మకం కుదరలేదు, తప్పు కాదులే అంది. మంచినీళ్ళు తాగింది. పోతా పోతా ఒక మాట చెప్పమంది."

"ఏం మాట?"

"ఆ కాగితం నాకివ్వక్కర్లేదని చెప్పు, ఆవిడే తెచ్చి ఆవిడ చేత్తోనే కోర్టులో ఇవ్వొచ్చు, బుధవారం మాత్రం మర్చిపోవద్దు అంది."

ఫోన్ పెట్టేశాక సుందరి గోడకు ఆనుకుని కూర్చుంది. పెట్టిన ఎరలు రెండూ కదిలాయి. ఇద్దరూ వచ్చారు. ఇద్దరికీ అదే కాగితం కావాలి. ఇప్పుడు ఎవరిని నమ్మాలి? ఆదివారం సెలవు నాడు, ఫీజు లేని కేసు కోసం, నరసరావుపేట నుంచి రొంపిచెర్ల దాకా బస్సెక్కి ఎందుకు పోవాలి ఆమె? ఆమెకేంటి అంత అవసరం?

"ఎరకి ఇద్దరూ తగిలారే," అంది జాస్మిన్‌తో.

జాస్మిన్ ఇంట్లో ఎక్కువ మాట్లాడదు. ఆ రోజు మాట్లాడింది.

"ఇద్దరూ ఒకటెట్టా అయ్యిద్దమ్మా? కృష్ణయ్య తాత మనం లేనప్పుడు తాళం తీశాడు. ఆమె గేటు బయట నిలబడి పేరు చెప్పి అడిగింది. అడిగేదానికీ తీసుకునేదానికీ తేడా లేదా?"

సుందరికీ తెలుసు. తేడా ఉంది. తన తండ్రి దగ్గరకు వచ్చినవాడు కూడా అడిగే తీసుకున్నాడు, కానీ తన పేరు చెప్పలేదు. ఎంత గుర్తు చేసుకున్నా వాడి పేరేంటో ఇంట్లో ఎవరికీ తెలియదు.

* * *

బుధవారం పొద్దున నడికుడిలో గురజాల బస్సెక్కినవాళ్ళందరూ సుందరి వంక చూశారు. ఎరువుల సంచిలో కూరిన బొంత ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కండక్టరు, "ఏంటమ్మా, ఆస్పత్రిలో పడుకోవడానికా?" అన్నాడు.

"కాదు. కోర్టులో."

ఉచిత న్యాయ సహాయం గదిలో ప్రసన్నలక్ష్మి ఫైలు తెరిచి కూర్చుని ఉంది. బొంతను చూసి లేచి నిలబడింది.

"ఒంట్లో బాగాలేదా సుందరిగారూ?"

"తలుపెయ్యమ్మా."

తలుపు వేశాక సుందరి కూర్చోలేదు. "ముందు నాకొకటి చెప్పు. ఆయన లాయరుతో టీ ఎందుకు తాగావు?"

ప్రసన్నలక్ష్మికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వలేదు. అది సుందరి గమనించింది.

"ఆయనా నేనూ ఒకే కాలేజీలో చదివాం. ఈ కోర్టులో ఉన్నది పదిమందిమి, రోజూ ఎవరో ఒకరి మీద ఎవరో ఒకరం వాదిస్తాం. టీ మానేయాలంటే ఒక్కదాన్నే తాగాలి. తగాదా మీ ఇద్దరిదండీ. మాది పని."

"ఆయనకి నా కేసు సంగతులు చెప్పావా?"

"పట్టా ఉందో లేదో నాకే తెలియదు. ఏం చెప్పను?"

ఆ మాటకి సుందరి మొహం కొంచెం వదులైంది. చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేకుండా చేసింది తనే.

"జీతం ఎవరిస్తారు నీకు?"

"ఈ కేసులకి ప్రభుత్వమే కొంత ఇస్తుంది. ఎక్కువేం కాదు."

"రొంపిచెర్ల బస్సు చార్జీలు?"

"అవి మాత్రం ఎవరూ ఇవ్వరు. మీ ట్రంకుపెట్టె పుణ్యం."

సుందరి బొంత నేల మీద పరిచింది. ఎర్రదారం మూల వెతికి, వంగి, పళ్ళతో కొరికింది. రెండు పొరల మధ్య నుంచి పాలిథిన్ కవరు బయటికి తీసింది. కాగితం ప్రసన్నలక్ష్మికి ఇవ్వలేదు. రెండు చేతుల్తో పట్టుకుని ఆమె కళ్ళ ముందు తెరిచింది.

"ఇట్టాగే చదువు."

ప్రసన్నలక్ష్మి వంగి చదవసాగింది. మధ్యలో ఆగిపోయింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. సుందరికి భయం పట్టుకుంది. బాబూరావు దీని మీద కూడా ఏదో రాసి ఉంటాడు. చుక్క పడ్డాక ఎవడో చాపి ఉంటాడు, తోక పైకి లేపి సంతకం పెట్టి ఉంటాడు.

"ఏందమ్మా? ఏం రాసుంది? ఆయనేమన్నా రాశాడా?"

"జాస్మిన్, నువ్వు చదువు," అంది ప్రసన్నలక్ష్మి.

జాస్మిన్ తల్లి భుజం మీదుగా వంగింది. "తేళ్ళ సుందరి, భర్త బాబూరావు..." అని ఆగింది. "అమ్మా, ఇది నాన్నది కాదే. నీ పేరున ఉంది."

"నా పేరునా?"

"మీకే ఇచ్చారు సుందరిగారూ. ఆయన పేరు భర్త అనే చోట మాత్రమే ఉంది. ఆయన ఆ అమ్మకం కాగితం మీద సంతకం పెట్టాడో లేదో నాకు తెలియదు, తేల్చలేం కూడా. పెట్టినా సరే, మీ స్థలాన్ని ఆయన ఎట్లా అమ్ముతాడు?"

ఊరంతా బాబూరావు పట్టా అనేవాళ్ళు. సుందరీ అట్టాగే అనుకుంది. పదిహేడేళ్ళ కింద, జాస్మిన్ కడుపులో ఉండగా, ఒక మధ్యాహ్నం బాబూరావు దాన్ని చొక్కా లోపల పెట్టుకొచ్చి, "ఇదిగో, దాచు," అన్నాడు. అంతే. ఎవరి పేరునో ఆయన చెప్పలేదు, తను అడగలేదు. ఆ మనిషిని ఈ రెండు నెలలూ ఎన్ని మాటలు అనుకుంది! అనుకున్నవన్నీ తప్పేనా అంటే అదీ తెలియదు. ఆ తోక సంతకం ఆయనదే అయినా కావచ్చు.

"నాకు చెప్పనేలేదు," అంది. ఎవరికి చెప్పిందో తెలియదు.

గోడ గడియారం చూసి ప్రసన్నలక్ష్మి తొందరపెట్టింది. ఒరిజినల్ కోర్టు ఫైల్లో పెట్టాలి, కేసు అయ్యేదాకా అక్కడే ఉంటుంది, కావాలంటే రసీదు రాసిస్తాను అంది. సుందరి మళ్ళీ బిగుసుకుంది.

"మార్చేస్తేనో?"

"ఎవరు?"

"ఎవరన్నా."

రవికెకు గుచ్చుకున్న సూది తీసింది. బొంత నుంచి కొరికిన ఎర్రదారం ఎక్కించింది. ప్రసన్నలక్ష్మి కంగారుగా, "అక్షరాల మీద పడకూడదు, అంచున వేయండి, చిన్నగా," అని మూల చూపించింది. కాగితం అంచున రెండే రెండు కుట్లు వేసి సుందరి ముడి వేసింది.

"మా సంచి మాకు తెలవాలిగా అమ్మా."

కోర్టు హాల్లో ఆమె చేత్తోనే కాగితం ఇచ్చింది. బంట్రోతు అందుకుని జడ్జిగారి బల్ల మీద పెట్టేదాకా కన్నార్పలేదు. జడ్జిగారు చదివారు. దారం వంక కూడా చూశారు.

"తేళ్ళ సుందరి ఎవరమ్మా?"

"నేనేనండి."

"ఈ స్థలం నువ్వు ఎవరికైనా అమ్మావా?"

"లేదండి. నాదని ఇందాకే తెలిసిందండి."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అమరేశ్వరరావు లాయరు పట్టా చూసుకుని తన మనిషి వైపు తిరిగి చెవిలో ఏదో అడిగాడు. తెల్ల చొక్కాలో అమరేశ్వరరావు అడ్డంగా తల ఊపాడు. లాయరు ముఖం మాడింది. టీ తాగినప్పటి నవ్వు అందులో ఎక్కడా లేదు. స్థలంలోకి రానివ్వమన్న అర్జీని జడ్జిగారు ఆ రోజే కొట్టేశారు. ఆ తర్వాత మూడు వాయిదాలకు అమరేశ్వరరావు కేసే వెనక్కి తీసుకున్నాడు.

* * *

పట్టా తిరిగి చేతికొచ్చిన రోజు సుందరి మొదట మూల చూసుకుంది. ఎర్రదారం, రెండు కుట్లు, తన ముడే. ప్రసన్నలక్ష్మికి ఒక సంచిలో మంచి మిరపకాయలు పట్టుకెళ్ళింది. తీసుకోకూడదు, వద్దంది ఆమె. ఊరికే పని చేసి, ఊరికే ఇచ్చింది కూడా తీసుకోని మనిషిని సుందరి అప్పుడే చూడడం. ఇంటికొచ్చి, "ఏందో, ఇంకా నాకు పూర్తిగా అంతుపట్టట్లేదే ఆమె," అంది. జాస్మిన్ పుస్తకంలోంచి తల ఎత్తకుండా, "నీకు ప్రభువు కూడా అంతుపట్టడు," అంది.

వారం తర్వాత పాలిష్ మిషన్ల దగ్గర కృష్ణయ్య పలకరించాడు. కన్ను తగ్గింది గాని చుట్టూ నల్లటి మచ్చ మిగిలింది. తగాదా అయిపోయింది కాబట్టి మాట్లాడొచ్చని అతని లెక్క.

"గెలిచావుగా సుందరీ. సంతోషం. పట్టా జాగ్రత్త మరి. ఇప్పుడెక్కడ పెట్టావే?"

సుందరి నెత్తి మీది సంచి దించలేదు. నడుస్తూనే జవాబు చెప్పింది.

"అదే పటం వెనకాల బాబాయ్. తాళంచెవి కూడా అక్కడే ఉంది, రాయి కింద."